ముందు స్టీలు స్కేలు, తర్వాతే మెషీన్ లెర్నింగ్

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వంతెనలు, భవనాల కంపనాలను కొలిచి, అవి ఎంత పదిలంగా ఉన్నాయో తేల్చే రంగంలోకి వెళ్లాలని ఉంది. మెషీన్ లెర్నింగ్ కోర్సు చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఈ పనిలో కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది కొలత దగ్గరే. స్ట్రక్చరల్ డైనమిక్స్ (కట్టడాలు ఎలా కంపిస్తాయో చెప్పే శాస్త్రం), సిగ్నల్ ప్రాసెసింగ్ మీద ముందు పట్టు సాధించండి.

ఈ సెలవుల్లోనే ఒక ప్రయోగం చేయండి. 1 మి.మీ. మందం, 2.5 సెం.మీ. వెడల్పున్న స్టీలు స్కేలును 25 సెం.మీ. బయటికి ఉండేలా బల్ల అంచుకు క్లాంపుతో బిగించండి. కాంటిలీవర్ (ఒక చివరే బిగించిన దూలం) సూత్రం ప్రకారం దాని మొదటి సహజ పౌనఃపున్యం, అంటే మీటి వదిలితే సెకనుకు ఊగే సంఖ్య, సుమారు 13 హెర్ట్జ్. కొసన 5 గ్రాముల యాక్సిలరోమీటర్ (కదలికలోని త్వరణాన్ని కొలిచే సెన్సర్) అంటించి స్కేలును మీటితే 11 దగ్గర వస్తుంది. స్కేలుకేమీ కాలేదు, సెన్సర్ బరువు తోడైంది, అంతే. క్లాంపు కాస్త వదులైతే ఇంకా పడిపోతుంది. నిజమైన వంతెనకు సెన్సర్ బరువు లెక్కలోకి రాదు కానీ, దూలం కింద ఆనికగా ఉండే బేరింగు బిగుసుకుపోతే ఇలాగే అంకెలు మారిపోతాయి.

సెకనుకు 50 శాంపిళ్లే తీస్తే 40 హెర్ట్జ్ కంపనం 10 హెర్ట్జ్‌లా కనబడుతుంది. రికార్డయ్యాక దాన్ని విడదీయలేం. అందుకే ఎక్కువ పౌనఃపున్యాలను ఆపే ఫిల్టర్ శాంపిళ్లు తీయడానికి ముందే ఉండాలి. రెండు చివర్లా ఆనించిన దూలానికి నట్టనడుమ ఒక్క సెన్సరే పెడితే రెండో మోడ్ (దూలం కంపించే రెండో తీరు) దొరకదు, అక్కడ దాని కదలిక సున్నా.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఉష్ణోగ్రత. కట్టడం దెబ్బతిని దృఢత్వం 10 శాతం తగ్గినా పౌనఃపున్యం తగ్గేది సుమారు 5 శాతమే, ఎందుకంటే అది దృఢత్వం వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఎండా చలీ తెచ్చే మార్పు కింద ఆ 5 శాతం దాగిపోవచ్చు. స్విట్జర్లాండ్‌లోని జెడ్24 వంతెనను కూల్చే ముందు, 1997-98లో దాదాపు ఏడాది పాటు గమనించారు. గడ్డకట్టే చలికి పైనున్న తారు పొర బిగుసుకుని పౌనఃపున్యాలు పెరిగాయి. ఉష్ణోగ్రత ఇవ్వకుండా ఇలాంటి డేటాతో మోడల్‌ను నడిపితే, చలి తగ్గగానే వంతెన దెబ్బతిందని చెబుతుంది.

ఆ తర్వాత, కొలిచిన కంపనాల నుంచి సహజ పౌనఃపున్యాలను, మోడ్‌లను రాబట్టే ఫ్రీక్వెన్సీ డొమైన్ డీకంపోజిషన్ పద్ధతిని పైథాన్‌లో సొంతంగా రాయండి. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ జోలికి అప్పుడే పోవద్దు. స్ట్రక్చరల్ డైనమిక్స్ ప్రధానంగా ఉన్న పీజీకి దరఖాస్తు చేసేటప్పుడు స్కేలు ప్రయోగం రిపోర్టు జతచేయండి. లెక్కలో వచ్చిందెంత, కొలిస్తే వచ్చిందెంత, తేడా ఎందుకొచ్చింది... ఈ మూడూ రెండు పేజీల్లో ఉంటే చాలు.