ర్యామ్ అంతా ఎటు పోతోంది?

ప్రశ్న: మా లైనక్స్ సర్వర్‌లో 64 జీబీ ర్యామ్ ఉంది. ప్రోగ్రాములన్నీ కలిపినా 9 జీబీ దాటవు, అయినా ఫ్రీ మెమరీ అడుగంటిపోతోంది. రోజూ రీస్టార్ట్ చేస్తున్నాను, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ వెతకాలి?

జవాబు: ముందు ఆ రీస్టార్ట్ ఆపండి, దానితో ఆధారాలన్నీ చెరిగిపోతాయి. ‘ఫ్రీ’ తక్కువగా ఉండటం జబ్బు కాదు, ఖాళీ ర్యామ్‌ని కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) ఫైళ్ల క్యాష్‌కి, అంటే చదివిన ఫైళ్లని చేతికందేలా ఉంచుకోవడానికి, వాడుకుంటుంది, అడిగితే తిరిగి ఇస్తుంది. మీరు చూడాల్సింది మెమరీ లెక్కలుండే మెమ్‌ఇన్ఫో ఫైల్‌లో (/proc/meminfo) ‘మెమ్ అవైలబుల్’ అంకె, అంటే ప్రోగ్రాములకి నిజంగా దొరికే మెమరీ. అదీ పడిపోతుంటే అప్పుడు స్లాబ్ (కెర్నల్ తన సొంత పనులకి వాడుకునే మెమరీ) వైపు వెళ్లండి. అక్కడ ‘ఎస్‌అన్‌రీక్లెయిమ్’ (వెనక్కి తీసుకోలేని భాగం) రోజురోజుకీ పెరుగుతుంటే ఏదో డ్రైవర్ మెమరీ తీసుకుని తిరిగివ్వకుండా లీక్ చేస్తోందని గట్టిగా అనుమానించొచ్చు. ‘ఎస్‌రీక్లెయిమబుల్’ (వెనక్కి తీసుకోగలిగే భాగం) పెరుగుతుంటే కథ వేరు, అది కెర్నల్ క్యాష్‌ల పని.

అప్పుడు స్లాబ్‌లో ఏది ఎంత తింటోందో చూపే స్లాబ్‌టాప్ కమాండ్‌ని క్యాష్ సైజు వరసలో నడిపితే చాలాసార్లు పైన కనిపించేది డెంట్రీ, అంటే ఫైల్ పేర్ల క్యాష్. ఒక్కో డెంట్రీ మామూలుగా 192 బైట్లే, కానీ అవి 10 కోట్లయితే 19 జీబీ దాటిపోయినట్టే! ఏదో ప్రోగ్రామ్ లేని ఫైళ్ల కోసం పదేపదే కొత్త కొత్త పేర్లతో వెతుకుతుంటే ‘ఆ పేరుతో ఫైల్ లేదు’ అన్న సంగతిని కూడా కెర్నల్ గుర్తుపెట్టుకుంటుంది, ఇలాంటివి కుప్పలుగా పేరుకుంటాయి. 5.0 నుంచి వచ్చిన కెర్నళ్లలో ‘డెంట్రీ-స్టేట్’ ఫైల్‌లోని (/proc/sys/fs/dentry-state) ఐదో అంకె వాటి లెక్కే.

క్యాష్‌లని ఖాళీ చేయించే డ్రాప్ క్యాషెస్ ఫైల్‌కి (/proc/sys/vm/drop_caches) 2 రాసి చూడండి, స్లాబ్ తగ్గితే ఈ క్యాష్‌ల మీద అనుమానం నిజమే. కానీ దాన్ని క్రాన్‌లో (వేళకి పనులు దానంతటదే నడిపేది) పెట్టకండి, దయచేసి. లేని ఫైళ్లని వెతుకుతున్న ఆ ప్రోగ్రామ్‌ని ఎస్‌ట్రేస్‌తో (ప్రోగ్రామ్ కెర్నల్‌ని ఏమడుగుతోందో చూపే టూల్) పట్టుకుని సరిచేయండి.