పొగగొట్టం మొదట్లో మళ్లీ కారుతోంది, కాంట్రాక్టర్ మీద కేసు వేయొచ్చా?

సందేహం: మాది పెంకుల కప్పు ఇల్లు. పొగగొట్టం మొదట్లో వాననీళ్లు కారుతున్నాయని ఒక కాంట్రాక్టర్‌కి పని గుత్తకిచ్చాం. గొట్టం చుట్టూ ఉండే ఫ్లాషింగ్ రేకు మార్చి, బిల్లు మీద రెండేళ్ల గ్యారంటీ అని రాసిచ్చాడు. మొదటి పెద్ద వానకే మళ్లీ కారింది. వచ్చి సీలెంట్ పూసి వెళ్లాడు, నెల తిరక్కుండా మళ్లీ అదే కథ. ఇప్పుడేమో "లీకు రేకు దగ్గర కాదు, గొట్టం పైన సిమెంటు పగిలింది, అది నా పని కాదు" అంటున్నాడు, బాకీ ఇస్తేనే వస్తానంటున్నాడు. సీలింగ్ పాడైంది, చెక్క బీరువా ఉబ్బిపోయింది. కేసు వేయొచ్చా? తేలేదాకా రిపేరు చేయించకుండా అలాగే ఉంచాలా? బాకీ ఇవ్వాలా?

జవాబు: వేయొచ్చు. డబ్బు తీసుకుని చేసిన పని సరిగ్గా లేకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అది సేవాలోపం. కొంత ఇచ్చి, కొంత తర్వాత ఇస్తామని ఒప్పుకున్నా మీరు వినియోగదారే. ఒక మెలిక మాత్రం ఉంది. రేకు, సిమెంటు మీరే కొనిపెట్టి, మేస్త్రీని రోజుకూలికి పెట్టుకుని దగ్గరుండి చేయించుకుని ఉంటే, అది వ్యక్తిగత సేవ, ఈ చట్టం కిందకి రాదని అవతలి లాయరు వాదించేవాడు. మీరు గుత్తకిచ్చారు, బిల్లూ ఉంది, ఆ టెన్షన్ లేదు.

అసలు చిక్కు వేరే. ఇల్లు కారుతోందని చూపిస్తే సరిపోదు, ఆయన చేసిన పనిలో లోపం వల్లే కారుతోందని చూపించాలి, ఆ బాధ్యత ఫిర్యాదు చేసినవారి మీదే ఉంటుంది. పొగగొట్టం దగ్గర నీళ్లు దిగే దారులు ఒకటి కాదు. పైన సిమెంటు పగలొచ్చు, ఇటుకల మధ్య దరజుల్లో (సందుల్లో) సిమెంటు రాలిపోవచ్చు, గొట్టం లోపలే ఆవిరి చల్లబడి నీరై కారొచ్చు. కాబట్టి ఆయన చెప్పేది బుకాయింపు కావచ్చు, నిజమూ కావచ్చు. బుకాయింపనే నాకు అనిపిస్తోంది, పైన పగిలిందని తెలిసిన మనిషి రెండోసారి వచ్చి రేకుకి సీలెంట్ ఎందుకు పూసినట్టు? కాంట్రాక్టర్‌కి ఇచ్చే నోటీసులో ఈ ప్రశ్న తప్పకుండా పెట్టండి. కానీ అనుమానంతో కేసు నిలవదు.

అందుకని ముందు ఒక సివిల్ ఇంజనీరునో, ఈ పాత కాంట్రాక్టర్‌తో సంబంధం లేని మరో కప్పు పనివాడినో పిలిచి చూపించండి, చూసినదాన్ని సంతకం, తేదీతో కాగితం మీద రాయించుకోండి. పక్కలనుండే రేకు ఒక్కో వరుస పెంకుకి ఒక్కో ముక్క చొప్పున, మెట్లలా, పెంకుల కిందకి పోయి ఉండాలి. దాని మీద కప్పే పై రేకు అంచు ఇటుకల దరజులోకి దిగి ఉండాలి. చాలామంది ఆ దరజు చెక్కే శ్రమ పడకుండా రేకుని ఇటుకకి ఆనించి సీలెంట్‌తో అతికించేస్తారు. ఎండకి రేకు సాగినంతగా ఇటుక సాగదు, కొన్నాళ్లకి ఆ అతుకు నోరు తెరుస్తుంది. మీ ఇంట్లో అలా జరిగి ఉంటే ఆ సందులో స్కేలు పెట్టి దగ్గరగా ఫొటో తీయించండి, పది పేజీల ఫిర్యాదు కన్నా ఆ ఒక్క ఫొటో ఎక్కువ పనిచేస్తుంది. మీరు మాత్రం కప్పెక్కకండి, ఆ పని అలవాటున్నవాళ్లకే వదిలేయండి.

వాన లేని రోజు పైపుతో నీళ్లు పట్టి చూడటం ఇంకా మంచిది. కింద నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట కాసేపు తడిపి, లోపల ఒకరు చూస్తూ ఉండాలి. పైన మొదలుపెడితే నీళ్లు కిందకి జారి అన్నీ తడిపేస్తాయి, ఎక్కడ కారిందో తేలదు. మొత్తం ఆపకుండా వీడియో తీయండి. పరీక్ష పెడుతున్న రోజు, టైమ్ ముందే కాంట్రాక్టర్‌కి మెసేజ్ పెట్టి రమ్మనండి, రాకపోతే అదీ మీకు సాక్ష్యమే. ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ సర్టిఫికెట్ (వీడియో ఏ పరికరంతో, ఎలా తీశారో ధ్రువీకరించే కాగితం) జతచేస్తే ఆ వీడియో మీద పేచీ తగ్గుతుంది.

ఒకవేళ పరీక్షలో లీకు పైనుంచేనని తేలితే కేసు పోయినట్టా? బిల్లు తీసి చదవండి. "ఫ్లాషింగ్ రేకు మార్పు" అని మాత్రమే ఉంటే కష్టమే. "లీకేజీ నివారణ" లాంటి మాట ఉంటే, లేదా పని ఒప్పుకునేటప్పుడు చూసి "రేకు మారిస్తే లీకు ఆగిపోతుంది" అని మెసేజ్ పెట్టి ఉంటే, కారణం సరిగ్గా కనిపెట్టకపోవడమూ సేవాలోపమేనని వాదించొచ్చు.

రిపేరు సంగతి. కేసు తేలేదాకా ఇల్లు కారనివ్వాల్సిన పనిలేదు, అలా వదిలేస్తే మీకే నష్టం. ఒప్పంద చట్టం, 1872లోని 73వ సెక్షన్ కింద నష్టం లెక్క కట్టేటప్పుడు, ఆ నష్టం తగ్గించుకునే మార్గం మీ చేతిలో ఉందా అని కూడా చూస్తారు. మొదటిసారి తడిసిన బీరువాకి పరిహారం అడగొచ్చు. కారుతుందని తెలిసీ రెండో బీరువా తెచ్చి అక్కడే పెడితే ఎవరూ ఇవ్వరు. ఇవాళే టార్పాలిన్ కప్పించండి, దాని బిల్లు కూడా దాచి పరిహారంలో కలపండి. పూర్తి రిపేరు మాత్రం పైన చెప్పిన పరీక్ష అయ్యాక, 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇచ్చి, ఆయన రాకపోతే చేయించండి. పాత రేకు విప్పుతున్నంతసేపూ ఫొటోలు తీయించండి, విప్పిన ముక్కలు పారేయనివ్వకండి.

కేసు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మీరు నివసించే చోటే వేసుకోవచ్చు. 50 లక్షల వరకు చెల్లించిన పనులు జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తాయి, 5 లక్షల వరకైతే ఫీజు కూడా లేదు. లాయరు తప్పనిసరి కాదు (లాయరుగా ఈ మాట చెప్పడం నాకేం లాభం కాదనుకోండి). ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, కొందరు అక్కడికే దిగొస్తారు. గడువు రెండేళ్లు. దీన్ని సీలెంట్ పూసిన రోజు నుంచి కాకుండా, పని అయ్యాక మొదటిసారి కారిన రోజు నుంచే లెక్కేసుకోండి, అది క్షేమం. గ్యారంటీ ఇంకా ఉందికదా అనో, నోటీసు ఇచ్చాం కదా అనో కూర్చుంటే గడువు ఆగదు. రిపేరు ఖర్చు, లోపలి నష్టం, కేసు ఖర్చులు అన్నీ ఒకే ఫిర్యాదులో అడగండి.

చీటింగ్ కేసు పెడతానని మాత్రం బెదిరించకండి. మోసం నేరం కావాలంటే మొదట్నుంచీ మోసగించే ఉద్దేశం ఉండాలి, పని చెడగొట్టడం వేరు. పోలీసులు సివిల్ తగాదా అని పంపించేస్తారు, మీ మెసేజ్‌లు అవతలివాళ్లకి పనికొస్తాయి.

బాకీ ఇప్పుడే ఇవ్వకండి, అలాగని మాట్లాడకుండా ఎగ్గొట్టినట్టూ ఉండకూడదు. "లీకు ఆగేలా పని పూర్తిచేస్తే మిగిలిన మొత్తం చెల్లిస్తాం, లేదంటే మరొకరితో చేయించిన ఖర్చులో సర్దుబాటు చేసుకుంటాం" అని నోటీసులోనే స్పష్టంగా రాయండి. ఇంతవరకు ఇచ్చిన డబ్బుకి బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి జతచేయండి.