ట్రెంటన్ ఒక పూట, మంచుబంతులు ఒక పూట

చిరంజీవి మేనల్లుడికి,

క్రిస్మస్ వారంలో క్లబ్బు ఆటలు ఈసారి నువ్వే నడిపిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. పొద్దున బల్ల మీద బొమ్మ సైన్యాలతో ఆడే చరిత్ర యుద్ధపు ఆట ఒకటి, మధ్యాహ్నం అవే బొమ్మల తీరులో ఒక సరదా ఆట అనుకున్నావట. బాగుంది. ఏ యుద్ధం పెట్టాలి, ఏ బొమ్మలు తీయాలి అని అప్పుడే తలపట్టుకుని ఉంటావు. అవి తర్వాత. ముందు గడియారం చూడు.

హాలు నాలుగు గంటలు నీ చేతిలో ఉంటుందనుకో. బల్ల పరచడానికి అరగంట, రూల్స్ చెప్పడానికి పావుగంట, చివర్లో సర్దుకోవడానికి అరగంట, కబుర్లకు ఇంకో పావుగంట. మిగిలేది రెండున్నర గంటలు. ఐదుగురు ఆడితే టర్నుకు పావుగంట కన్నా తక్కువ పట్టదు. అంటే నీకున్నవి పది టర్నులు. పది టర్నుల్లో తేలిపోయే ఆట పెడితేనే జనం మళ్లీ వస్తారు. క్లబ్బుల్లో సగం ఆటలు చెడేది రూల్స్ వల్ల కాదు, తేలకుండా మధ్యలో ఆగిపోవడం వల్ల.

ఈ లెక్క దూరాలకూ పనికొస్తుంది. పదాతి దళం టర్నుకు 6 అంగుళాలు నడిచి, తుపాకీ 12 అంగుళాలు కొట్టే రూల్స్ అయితే రెండు సేనల మధ్య 24 అంగుళాలకు మించి ఖాళీ ఉంచకు. రెండు వైపులా ఒక్కసారి కదిలితే రెండో టర్నులోనే కాల్పులు మొదలవుతాయి. అందంగా ఉంటుందని 36 అంగుళాల దూరంలో నిలబెడితే జనం గంటసేపు బొమ్మల్ని జరుపుతూ కూర్చుంటారు. బల్ల 6 అడుగులు × 4 అడుగులు చాలు. వెడల్పు 5 అడుగులు దాటితే మధ్యలో బొమ్మ చేతికి అందదు, వంగిన వాడి చొక్కా గుండీకి తగిలి తురుపుముక్కల్లాంటి నీ అశ్వికులు బోర్లా పడతారు. మనిషికి మూడు నాలుగు యూనిట్లు ఇవ్వు. రెండే ఇస్తే ఒక్క చెడ్డ డైస్‌తో వాడి ఆట అయిపోతుంది. ఆరు ఇస్తే వాడు ఆలోచించుకునేలోపు మిగతావాళ్లు ఫోన్లు తీస్తారు.

ఇక యుద్ధం సంగతి. డిసెంబరుకు తగ్గవి చాలానే ఉన్నాయి. 1805 డిసెంబరు 2 నాటి నెపోలియన్ యుద్ధం ఆస్టర్లిట్జ్ పేరు వినగానే నోరూరుతుంది గానీ, అది రెండు వైపులా కలిపి లక్షన్నర మంది తలపడిన పోరు. 6 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలు ఉంటే తప్ప ఒక పూటలో లొంగదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1944 డిసెంబరు 26న బెల్జియంలోని బాస్టోన్ ఊరి ముట్టడిని ఛేదించిన ఘట్టం మంచిదే, మీ క్లబ్బులో తెల్లరంగు పూసిన షెర్మన్ ట్యాంకులు సరిపడా ఉంటే. నా ఓటు మాత్రం అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలోని 1776 డిసెంబరు 26 ట్రెంటన్‌కే. క్రిస్మస్ రాత్రి డెలావేర్ నది దాటి, తెల్లారి ఎనిమిది ప్రాంతంలో అమెరికన్ సేనాపతి వాషింగ్టన్ 2,400 మందితో, 18 ఫిరంగులతో హెస్సియన్ల మీద, అంటే బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడే జర్మన్ సైనికుల మీద పడ్డాడు. వాళ్ల నాయకుడు కర్నల్ రాల్ దగ్గర ఉన్నది సుమారు 1,500 మంది, 6 ఫిరంగులు. సైన్యాలు చిన్నవి, ఊరు చిన్నది, పోరు గంట పైచిలుకులో ముగిసింది. 28 మిల్లీమీటర్ల బొమ్మలకు ఇంతకన్నా కుదిరేది దొరకదు.

నలుగురు సైనికుల బొమ్మలు అంటించిన 40 మిల్లీమీటర్ల చదరపు పలక, అంటే బేస్, ఒకటి 80 మందికి లెక్క. హెస్సియన్లవి మూడు రెజిమెంట్లు: రాల్, లోస్‌బర్గ్, నిఫౌజెన్. ఒక్కోదానికి 6 బేస్‌లు, మొత్తం 18. అమెరికన్ల బ్రిగేడ్లు ఏడు, ఒక్కోదానికి 4 బేస్‌లు. జనరల్ గ్రీన్ కింద నాలుగు, జనరల్ సల్లివాన్ కింద మూడు. మూడు ఫిరంగులకు ఒక నమూనా చొప్పున అమెరికన్లకు 6, హెస్సియన్లకు 2. గ్రీన్ దళాన్ని ఇద్దరికి పంచు, సల్లివాన్ ఒకరికి, హెస్సియన్లు ఇద్దరికి. ఇద్దరిలో ఒకరికి రాల్, లోస్‌బర్గ్ రెజిమెంట్లు. ఇంకొకరికి నిఫౌజెన్‌తో పాటు ఊరి బయటి కాపలా దళాలు. ఆరో మనిషివి నువ్వు. నువ్వు ఆడకు. నడిపించేవాడు ఒక పక్షం పట్టాడంటే, వాడు చెప్పిన ప్రతి రూలూ ఎదుటివాడికి మోసంలాగే వినిపిస్తుంది.

నది దాటడం బల్ల మీద పెట్టకు. పడవల బొమ్మలు కొని ఉంటావు, మనసు లాగుతుంది. కానీ దాటడంలో ఆటగాడు తేల్చుకునేదంటూ ఏమీ లేదు, టర్నులు మాత్రం నాలుగు పోతాయి. పడవల్ని బల్ల మూలన అలంకారంగా ఉంచి, ఆలస్యాన్ని డైస్‌కు వదిలెయ్. గ్రీన్ మనుషులు మొదటి టర్నులోనే పెన్నింగ్టన్ దారిన ఉత్తరం నుంచి దిగుతారు. సల్లివాన్ నది ఒడ్డు దారిన రెండో టర్నులో 3 గానీ ఆ పైన గానీ పడితే వస్తాడు, లేదంటే మూడో టర్నులో తప్పకుండా వస్తాడు. ఈ ఒక్క టర్ను తేడా మీదే ఆట నిలబడి ఉంది. ఎందుకంటే దక్షిణాన అసన్‌పింక్ వాగు మీది వంతెనే హెస్సియన్లు బయటపడే ముఖ్యమైన దారి, దాన్ని మూయాల్సింది సల్లివాన్. వంతెన అవతలి గట్టు పట్టుకోవాల్సిన అమెరికన్ జనరల్ యూయింగ్ మనుషులు ఆ రాత్రి నది దాటలేకపోయారు. ‘వాళ్లూ దాటి ఉంటే?’ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఒప్పుకోకు. ఆ దారి మూసేస్తే హెస్సియన్ ఆటగాళ్లకు చేయడానికి ఏమీ మిగలదు.

హెస్సియన్లు పండగ తాగుడు మత్తులో ఉన్నారన్న కథను కూడా రూల్స్‌లోకి రానివ్వకు. చరిత్రకారులు దాన్ని కొట్టిపారేశారు. రోజుల తరబడి చిన్న దాడులతో, రాత్రిళ్లు అలారాలతో వాళ్లు అలిసిపోయి ఉన్నారు. మంచుగాలిలో ఎవరూ రారనుకున్నారు. కాబట్టి శిక్ష వేయాల్సింది పోరాటపటిమకు కాదు, లేచి బారులు తీరడానికి పట్టే సమయానికి. ప్రతి రెజిమెంటుకూ మొదటి టర్నులో 6 పడితే లేస్తుంది, రెండో టర్నులో 5 లేదా 6, మూడో టర్నులో 4 నుంచి, నాలుగో టర్నులో డైస్ లేకుండానే. ఈ లెక్కన ఒక రెజిమెంటు మూడు టర్నులూ పడుకునే ఉండే అవకాశం నాలుగింట ఒకటికి కాస్త పైన. అంతసేపు ఆ ఆటగాడు చేతులు కట్టుకుని కూర్చోకూడదనే కాపలా దళాలు ఇమ్మన్నాను. ఒక్కో బేస్ చొప్పున రెండు దళాలు, కాల్చి వెనక్కి తగ్గుతూ రావడానికి.

వాతావరణం దగ్గర చాలామంది బోల్తా పడతారు. బేస్‌కు ఒక డైస్, 4 నుంచి తగులుతుంది అనుకుందాం. ఆరు బేస్‌ల రెజిమెంటు సగటున మూడు దెబ్బలు కొడుతుంది. మంచువానకు తుపాకీమందు తడిసిందని డైస్ అంకెలో ఒకటి తగ్గిస్తే రెండు దెబ్బలు. ఇళ్ల చాటు అని ఇంకొకటి తగ్గిస్తే ఒకటి. గాలి హెస్సియన్ల మొహానికి కొడుతోంది కదా అని మూడోది తగ్గిస్తే సున్నా. ఒక్కో తగ్గింపూ విడిగా చూస్తే న్యాయమే, మూడూ కలిస్తే యుద్ధమే ఉండదు. కాబట్టి ఎన్ని కారణాలున్నా 6 పడితే తగిలినట్టేనని గట్టిగా రాసిపెట్టు. ఫిరంగులకు వానతో తగ్గింపు వద్దు, వాటి రంధ్రాన్ని మూసి తడవకుండా చూసుకోవచ్చు. ఆ రోజు కింగ్, క్వీన్ వీధుల తల దగ్గర నిలిపిన ఫిరంగులే సగం పని చేశాయి. మూడు దెబ్బలకు ఒక బేస్ తీసెయ్యి. మూడు వైపులా 12 అంగుళాల లోపు శత్రువు ఉండి, వెనక దారి మూసుకుపోయిన రెజిమెంటు టర్ను చివర ఒక డైస్ వేయాలి. 1 నుంచి 3 పడితే లొంగిపోతుంది.

వీధి వెడల్పు 15 సెంటీమీటర్లు ఉంచు. ఆరు బేస్‌ల రెజిమెంటు బారు తీరితే 24 సెంటీమీటర్లు, వీధిలో పట్టదు. రెండు బేస్‌ల వెడల్పుతో నిలువుగా నిలబడితే 8 సెంటీమీటర్లు, ఇరుపక్కలా వేలు పెట్టి జరపడానికి చోటు మిగులుతుంది. వీధిలో బారు తీరలేక, బయటికి వెళ్లి తీరదామంటే సమయం చాలక పడే తిప్పలన్నీ రాల్ ఆటగాడికి నువ్వేమీ చెప్పకుండానే అర్థమవుతాయి. ఇళ్లు పది, పన్నెండు చాలు.

గెలుపు ఎలా లెక్కపెడతావు? హెస్సియన్లు గెలిచి తీరాలంటే కుదరదు, పోరు అలాంటిది. అసలు పోరులో వాళ్లలో 22 మంది చనిపోయారు, 83 మంది గాయపడ్డారు, సుమారు 900 మంది పట్టుబడ్డారు. నీ లెక్కలో అది 12 బేస్‌లు. ఆరు బేస్‌లంత మంది బయటపడ్డట్టు. కాబట్టి వంతెన మీదుగా గానీ వాగు దాటి గానీ 8 అంతకన్నా ఎక్కువ బేస్‌లు పోతే హెస్సియన్ల గెలుపు, 4 లేదా తక్కువైతే అమెరికన్లది, మధ్యలో అయితే సమం. ఈ మాట ఆట మొదట్లోనే అందరికీ చెప్పు. చివర్లో చెబితే గొడవే.

మంచు బల్లకు తెల్ల ఫ్లీసు గుడ్డ పరిచి, దారుల వెంట గోధుమరంగు స్ప్రే పలచగా కొట్టు. బేస్‌ల మీద మంచుకు వంటసోడా, ఫెవికాల్ కలిపి పూయమని చాలామంది చెబుతారు. ఆ రోజుకు బాగానే ఉంటుంది, కొన్నాళ్లకు పసుపెక్కుతుంది, తేమ లాగి పొలుసులూడుతుంది. పాలరాతి పొడిలో తెల్ల యాక్రిలిక్ రంగు, యాక్రిలిక్ మీడియం కలిపి చిక్కటి పెరుగులా చేసి, పాత బ్రష్‌తో బూట్ల చుట్టూ అద్దు. బేస్ అంతా కప్పేయకు, అక్కడక్కడ మట్టి, ఎండుగడ్డి కనిపించనిస్తేనే అది మంచని కన్ను నమ్ముతుంది. నదిలో మంచు పలకలకు థర్మోకోల్ ముక్కలు వాడితే ముందు బ్రష్‌తో యాక్రిలిక్ రంగు వేసి ఆరనివ్వు. నేరుగా స్ప్రే కొడితే అందులోని ద్రావకం థర్మోకోల్‌ను తినేస్తుంది.

మధ్యాహ్నం ఆట గురించి. సరదా ఆట కదా, రూల్స్ అక్కడికక్కడ చెప్పేద్దాం అనుకోకు. సరదా ఆటకే రూల్స్ గట్టిగా ఉండాలి, కాకపోతే ఒక పేజీ దాటకూడదు. ఆరుగురు ఆటగాళ్లు, ఒక్కొక్కరికి ఐదుగురు కుర్ర దెయ్యాలో, టోపీ మరుగుజ్జులో, బల్ల మీద 12 బహుమతులు. మంచుబంతి 6 అంగుళాలు పోతుంది, 4 నుంచి తగులుతుంది. తగిలినవాడు పడిపోతాడు, తర్వాతి టర్నులో లేస్తాడు. ఎవర్నీ బల్ల మీంచి తీసేయకూడదు. పండగ పూట గంట ముందే ఓడిపోయి గోడకానుకున్నవాడికన్నా దిగులు మొహం ఇంకోటి ఉండదు. బహుమతి మోసేవాడి నడక సగం.

అందరూ ఒక్కడి మీద పడటం ఇలాంటి ఆటల జబ్బు. ఎవడి దగ్గర ఎక్కువ పెట్టెలుంటే వాడు చచ్చాడు. మందు తేలిక. పెట్టెల అడుగున అంకెలు రాయి: ఆరింటికి 1, నాలుగింటికి 2, రెండింటికి బొగ్గు, అంటే ఒకటి తీసివేత. తీసుకున్నవాడు మాత్రమే అడుగు చూడాలి. మూడు పెట్టెలున్నవాడు గెలుస్తున్నాడో లేదో ఎవరికీ తెలియదు, వాడు నటించడం మొదలుపెడతాడు. ఆట అప్పుడే మొదలవుతుంది.

వంతులకు పేకలు వాడు. మనిషికి ఒకటి, తుపాను పేకలు రెండు కలిపి ఒక్కోటే తియ్యి, ఎవరి పేక వస్తే వాళ్లది వంతు. రెండో తుపాను రాగానే టర్ను ముగుస్తుంది. ఒకడి పేక రాకుండానే టర్ను ముగిసే అవకాశం మూడింట ఒకటి. వరసగా మూడు టర్నులు అలా జరగడం ఇరవై ఏడింట ఒకటి, ఆరుగురు ఎనిమిది టర్నులు ఆడితే ఎవరో ఒకరికి జరిగే సంగతే. కాబట్టి పేక రానివాళ్లు టర్ను చివర సగం దూరం నడవచ్చని, బంతి విసరకూడదని పెట్టు. తుపాను ఒక్కటే పెడితే వంతు పోయే అవకాశం సగానికి పెరుగుతుంది, ఆ పొరపాటు చేయకు.

మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 క్రిస్మస్ నాటి కాల్పుల విరమణను ఫుట్‌బాల్ ఆటగా పెడదామని ఒకరైనా అంటారు. నాకైతే నచ్చదు. పెట్టాలనుకుంటే బాంబులు, జోకులు లేకుండా పెట్టు.

రెండు ఆటలకూ రూల్స్ సారాంశం ఒక్కో మనిషికి ఒక్కో అట్ట మీద రాసివ్వు. వాదన వస్తే ఒక నిమిషం, ఆపైన డైస్ వేసి తేల్చెయ్, పుస్తకం తెరవకు. డైస్ ట్రేలోనే పడాలి, ఇంటి కప్పు మీద వాలిన డైస్ మళ్లీ వేయాలి. బొమ్మను బేస్ పట్టుకుని ఎత్తమని మొదట్లోనే చెప్పు. బయొనెట్ పట్టుకునేవాడు ప్రతి క్లబ్బులో ఒకడుంటాడు.

ఉంటాను మరి,
మీ మామయ్య

తా.క. బొమ్మలకు మ్యాట్ వార్నిష్ స్ప్రే ఇంకా కొట్టలేదని విన్నాను. గాలిలో తేమ ఎక్కువున్న రోజు కొట్టకు, నీలం కోట్లన్నీ తెల్లగా మసకబారతాయి. డబ్బాను రెండు నిమిషాలు ఊపి, 25 సెంటీమీటర్ల దూరం నుంచి పలచగా రెండు పూతలు, మధ్యలో అరగంట. ముందు పాత బొమ్మ ఒకదాని మీద కొట్టి చూడు. ఆ తర్వాత బేస్‌ల కింద అయస్కాంతపు షీటు అంటించి, అడుగున ఇనుప రేకు ఉన్న పెట్టెలో పెట్టుకెళ్లు.