చిట్టికి పెద్దమ్మ రాసేది: వంటింటి ఖర్చు గురించి

చిట్టీ,

నువ్వు, అల్లుడు, పిల్లలు క్షేమమని తలుస్తాను. నువ్వడిగిన దానికి ఫోన్లో జవాబు చెప్తే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను. అల్లుడికి ఓవర్‌టైమ్ ఆగిపోయినప్పటి నుంచి సరుకుల ఖర్చు ఎలా తగ్గించాలా అని టెన్షన్ పడుతున్నావు. తగ్గుతుంది. నలుగురికీ కడుపునిండా పెడుతూనే తగ్గించుకోవచ్చు, కంగారు పడకు.

అన్నిటికంటే ముందు ఒక మాట. రాత్రిళ్లు కూర చాలదని నువ్వు మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. అది ఇవాళే మానెయ్. మన ఇళ్లలో డబ్బుకి ఇబ్బంది రాగానే మొదట తగ్గేది ఇల్లాలి కంచంలోదే. ఆమె కూడా అదేదో మంచిపని అనుకుంటుంది. రక్తం తక్కువై, కాళ్లు లాగి, చివరికి ఆస్పత్రికి తిరిగితే నువ్వు మిగిల్చిన కూర ఖర్చు ఒక్క పరీక్షకి సరిపోదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, ఈ నాలుగూ నలుగురికీ సమానంగా అందాలి, ఆ నలుగురిలో నువ్వూ ఉండాలి. వాటిని ముట్టుకోకుండా మిగతా వాటిలో ఎక్కడ తగ్గించాలో చూద్దాం.

ఈ వారం కొత్తగా సరుకులేమీ తేకు. పాలు, ఆకుకూరలు తప్ప. అలమరలో డబ్బాలన్నీ కిందకి దింపి మూతలు తీసి చూడు. అడుగున గుప్పెడు సగ్గుబియ్యం, ఎప్పుడో తెచ్చిన రాజ్మా, సగం వాడిన సేమ్యా, గోధుమరవ్వ తప్పకుండా ఉంటాయి. వాటితోనే వారం గడిపెయ్. అవి అయ్యాక ఏ డబ్బా నిజంగా ఖాళీ అయిందో అదే రాసుకో. ఫోన్లో నొక్కితే పది నిమిషాల్లో గుమ్మంలోకి వచ్చే సరుకుల వల్లే ఇప్పుడు ఇళ్లు గుల్లవుతున్నాయి. కొత్తిమీర కోసం నొక్కుతాం, కూడా మూడు ప్యాకెట్లు వస్తాయి. కొత్తిమీర లేకపోతే ఆ పూట కరివేపాకుతో చారు పెట్టు.

బియ్యం సంగతి. మీకు రేషన్ కార్డు ఉందిగా, తీసుకుంటున్నారా? 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ మీద సన్నబియ్యమే ఇస్తున్నారు, మనిషికి 6 కిలోలు. మీ నలుగురికీ 24 కిలోలంటే దాదాపు ఒక బస్తా. అపార్ట్‌మెంట్లో ఎవరైనా చూస్తారని మొహమాటపడకు. బియ్యం కొత్తవైతే అన్నం ముద్దవుతుంది. నీళ్లు కాస్త తగ్గించు, కడిగిన వెంటనే పొయ్యి మీద పెట్టెయ్, నానబెట్టకు. అలాగైనా ముద్దవుతుంటే ఒక డబ్బాడు పక్కన పెట్టి ఇడ్లీ దోసెలకి వాడుకో. మిగతాది కొన్ని నెలలు ఆగితే పాతబడి చక్కగా ఒదుగుతుంది.

ఇక పప్పు. పప్పుని బాగా వాడుకోవడం వస్తే సగం లెక్క తేలినట్టే. 2015లో కందిపప్పు కిలో 200 దాటినప్పుడు మన వీధిలో పప్పు మానేసిన ఇళ్లు ఉన్నాయి. నేను మానలేదు, మార్చి మార్చి వండాను. కందిపప్పు ఒక రోజు, పెసరపప్పు ఒక రోజు, ఎర్రపప్పు ఒక రోజు, శనగపప్పు సొరకాయలోనో బీరకాయలోనో వేసి ఇంకో రోజు. అరగంట ముందు నానబెడితే కుక్కర్లో రెండు విజిల్స్ తగ్గుతాయి, గ్యాస్ మిగులుతుంది. పప్పు ఉడికాక పైన తేరిన కట్టు గ్లాసుడు తీసి పక్కన పెట్టు. పొద్దున అడుగున ఉన్న ముద్దపప్పులో తోటకూరో పాలకూరో వేసి పప్పు చెయ్, రాత్రికి ఆ కట్టుతో చారు పెట్టు. కట్టు వేసిన చారుకి ఉన్న చిక్కదనం ఏ పొడి వేసినా రాదు. పప్పు మిగిలితే మర్నాడు చింతపండు పులుసు పోసి, సొరకాయ, ములక్కాడ, ఉల్లిపాయ వేసి పప్పుచారు కాచు. ఒక్కసారి ఉడికిన పప్పు మూడు పూటలకి వస్తుంది, ఎవరూ నిన్నటిదే అనరు.

ఉలవలు తినడం మీ తరం బాగా తగ్గించేసింది. రాత్రి మనిషికి గుప్పెడు చొప్పున నానబోసి, పొద్దున ఎక్కువ నీళ్లతో కుక్కర్లో మెత్తగా ఉడికించు. నీళ్లు వంపి చింతపండు, ఉల్లిపాయ వేసి ఉలవచారు కాచుకో. గింజలు పారెయ్యకు. వాటికి ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి సాయంత్రం పిల్లలకి గుగ్గిళ్లు పెట్టు. పప్పులో ఉండే బలం వాటిలోనూ ఉంటుంది. కూరగాయలు మరీ మండిపోయే వారం వస్తే వారంలో రెండు సార్లు ఇదే పెట్టు, దానికి తోడు కందిపొడి.

కందిపొడి ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. గ్లాసుడు కందిపప్పు, అర గ్లాసు శనగపప్పు విడివిడిగా సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించు. ఎనిమిదో పదో ఎండుమిర్చి, చెంచాడు జీలకర్ర కూడా వేయించి, ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి మరీ మెత్తగా కాకుండా పొడి కొట్టు. ఒంట్లో ఓపిక లేక బయట నుంచి తెప్పిద్దామనిపించే రాత్రి నిన్ను కాపాడేది అదే. వేడన్నం, కందిపొడి, కాస్త నెయ్యి, పక్కన పచ్చిపులుసు. పచ్చిపులుసుకి తాలింపు గరిటె సేపు తప్ప పొయ్యి కూడా అక్కర్లేదు.

కూరగాయలకి రైతు బజారుకే వెళ్లు. మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, ఏది దగ్గరైతే అది. గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి. ఏం వండాలో ఇంట్లో నిర్ణయించుకుని వెళ్లకు, బోర్డు చూసి నిర్ణయించుకో. టమాటా ధర ఆకాశంలో ఉన్న రోజుల్లో టమాటా పప్పే కావాలని పట్టుపట్టడం ఎందుకు, చింతపండుతోనో చింతచిగురుతోనో పులుపు వస్తుంది. మీ కాలనీలో వారపు అంగడి ఉంటే చీకటి పడే వేళకి వెళ్లు, ఆకుకూరలు ఆ టైముకి చవగ్గా ఇచ్చేస్తారు. కాకపోతే తెచ్చిన రాత్రే బాగుచేసి, తడి ఆరనిచ్చి, గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున చూద్దాంలే అనుకుంటే ఆ చవక అంతా చెత్తలోకి పోతుంది.

తొక్కలు, కాడలు పారెయ్యకు. బీరకాయ పొట్టు నూనెలో వేయించి, పచ్చిమిర్చి, చింతపండు, నువ్వులతో నూరితే ఆ పూటకి అదే పచ్చడి. లేత సొరకాయ తొక్క కూడా అంతే. ముల్లంగి ఆకు పప్పులోకి, కొత్తిమీర కాడలు చారులోకి, కాలీఫ్లవర్ కాడలు సన్నగా తరిగి వేపుడులోకి. మునగాకు కొనాల్సిన పనే లేదు, మీ వీధిలో ఎవరి పెరట్లోనో చెట్టు ఉంటుంది, అడిగితే కోసుకోమంటారు. వెన్న కాచేటప్పుడు చివర్లో గుప్పెడు మునగాకు వెయ్. నెయ్యి తీసేశాక గిన్నె అడుగున మిగిలినదాంట్లో వేడన్నం కలిపి పిల్లలకి ముద్దలు పెట్టు, ఇంకో కూర అడగరు.

పెరుగు కొనడం ఆపు. పాలు కాచి మీగడ తీసి, ఇంట్లోనే తోడు పెట్టు. వారం మీగడకి వచ్చే నెయ్యి ఎక్కువేమీ కాదు కానీ పిల్లల అన్నం వరకు సరిపోతుంది. పులిసిన పెరుగుతో మజ్జిగ పులుసు పెట్టు, పారబోయకు.

పిండి సంగతి నీకు తెలిసిందే అయినా చెప్తాను. దోసెలకి మినప్పప్పు ఒక గ్లాసు, బియ్యం మూడు గ్లాసులు, చెంచాడు మెంతులు. మొదటి రోజు దోసెలు, రెండో రోజు ఊతప్పం, మూడో రోజు పులిస్తే ఉల్లిపాయలు, కాస్త బియ్యప్పిండి కలిపి గుంట పొంగణాలు. ప్యాకెట్ పిండి కొంటే ఇంత రాదు. పొద్దున టిఫిన్ రోజూ ఇడ్లీ దోసెలే కావాలని లేదు. పెసరట్టు పులియబెట్టే పనే లేదు. బియ్యపు రవ్వ, పెసరపప్పు వేసి ఉప్పుడు పిండి చెయ్. మీ పక్కింటి తెలంగాణ ఆవిడని సర్వపిండి నేర్పమను, బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులతో భలే ఉంటుంది, గిన్నెకే అద్ది కాలుస్తారు, నూనె తక్కువ.

రాత్రి అన్నం మిగిలితే ఎండాకాలంలో బయట ఉంచకు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున నిమ్మకాయ పిండి తాలింపు వెయ్. లేకపోతే రాత్రే కాసిని పాలు పోసి తోడు వేసి ఉంచితే పొద్దునకి కమ్మటి పెరుగన్నం, పక్కన ఉల్లిపాయ, మాగాయ ముక్క. ఒకసారి వేడి చేసింది మళ్లీ మళ్లీ వేడి చెయ్యొద్దు, పిల్లల పొట్టలు పాడవుతాయి. నాకు దీని మీద పట్టింపు ఎక్కువ.

ఆదివారం కోడికూర మానమని చెప్పను. పిల్లలు ఎదురుచూస్తారు. బోన్‌లెస్ కొనకు, ఎముకతో కొట్టించు. కిలో కొనే చోట అరకిలో కొని గోంగూరతో వండు, లేకపోతే దోసకాయ వేసి పులుసు పెట్టు. ముక్కలు తక్కువైనా పులుసు అందరి అన్నానికీ వస్తుంది. మధ్యలో ఒక రోజు కోడిగుడ్డు పులుసు, ఇంకో రోజు వంకాయలో గుప్పెడు ఎండు రొయ్యలు. ఎండు రొయ్యలు తల, తోక తీసి, దోరగా వేయించి, వేడి నీళ్లలో కడిగితే ఇసుక పోతుంది, వాసనా తగ్గుతుంది. గుప్పెడు వేస్తే కూరంతా ఆ రుచే.

నూనె మీద నీ చెయ్యి కాస్త ఎక్కువ, ఏమీ అనుకోకు. మీ ఊళ్లోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో ఇచ్చిన సూచనల్లో మనిషికి రోజుకి 27 గ్రాములు నూనె, కొవ్వు అన్నీ కలిపి చాలన్నారు. నలుగురికి నెలకి లెక్క కడితే మూడున్నర లీటర్లు, నెయ్యితో సహా, అదీ నలుగురూ పెద్దవాళ్లయితే. నీకు అయిదు లీటర్ల డబ్బా నెల రావట్లేదన్నావు. ఒకటో తారీఖున మూడు లీటర్లు వేరే సీసాల్లో పోసి పెట్టుకో, నెలంతా అందులోంచే. పూరీలు, వేపుళ్లు వారానికి ఒకటి చాలు. కాగిన నూనె మళ్లీ మళ్లీ కాచి వాడటం మాత్రం పొదుపు కిందికి రాదు, వద్దు.

పిల్లల చిరుతిళ్లు. చిప్స్ ప్యాకెట్ వెనక ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, కిలో ఎంత పడుతుందో పెద్దాడి చేత లెక్క కట్టించు, వాడికి లెక్కలూ వస్తాయి. పల్లీలు వేయించి బెల్లంతో పెట్టు. మరమరాల్లో ఉల్లిపాయ, నిమ్మకాయ. ఇప్పుడు చిలగడదుంపలు వస్తున్నాయి, అన్నం కుక్కర్లోనే పైగిన్నెలో పెడితే ఉడికిపోతాయి, వేరే గ్యాస్ ఖర్చు లేదు. నెలకోసారి బిర్యానీ తెచ్చుకోండి, ఆ డబ్బు ముందే పక్కన పెట్టి. పిల్లలకి ఇంట్లో ఏదో లోటు వచ్చిందన్న భయం పట్టుకోకూడదు.

ఏడాది సరుకు గురించి అడిగావు. అన్నీ ఒకేసారి కొనడానికి ఇప్పుడు నీ దగ్గర డబ్బు లేదు, అప్పు చేసి కొనొద్దు. ఏ పంట ఏ నెలలో వస్తే ఆ నెలలో అదొక్కటే కొను. సంక్రాంతి దాటాక కొత్త కందులు, శివరాత్రి వేళకి మా డెల్టా మినుములు, గుంటూరు మిర్చి, ఆ వెనకే కొత్త చింతపండు, ఎండలు ముదిరాక మామిడికాయలు. నెలకి ఒక్క వస్తువంటే భారం తెలియదు. పది కిలోల పప్పు ఎక్కువనిపిస్తే పక్కింటావిడా నువ్వూ చెరి సగం పంచుకోండి. ఎండలో పోసి, బాగా చల్లారాక డబ్బాలో వేసి, ఎండిన వేపాకు పెడితే పురుగు పట్టదు. పిల్లలున్న ఇంట్లో పురుగుల మాత్రలు, బోరిక్ పొడి బియ్యంలో కలపొద్దు.

వచ్చే ఆదివారం మీ పెదనాన్న హైదరాబాద్ వస్తున్నారు. కారం, చింతపండు, కాసిని మినుములు పంపుతున్నాను. చింతపండు గింజ తీసేసే ఉంది, గుప్పెడు ఉప్పు కలిపి జాడీలో గట్టిగా కుక్కి పెట్టు. కారంలో వాడుకునేంత బయట ఉంచి మిగతాది ఫ్రిజ్‌లో పెడితే రంగు మారదు. మీ ఇంట్లో కందిపప్పు ఎంత ఉందో చూసి శుక్రవారం లోపల ఫోన్ చెయ్యి, తక్కువుంటే అది కూడా కట్టిస్తాను. వచ్చేటప్పుడు పోయినసారి పంపిన స్టీలు డబ్బాలు ఆయన చేతికివ్వు, ఆవకాయకి కావాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ
తెనాలి