టెక్సస్‌లో కాసా వాలంటీర్‌గా చేరాలంటే: ముందు ఒక నోట్‌బుక్ కొనుక్కోండి

మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గర ఉంటున్నారు, హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకిచ్చేది) మీద ఉన్నారు, పిల్లలు స్కూలుకెళ్లాక తీరిక దొరుకుతుంది. ఇంట్లో దెబ్బలు తిన్న, పట్టించుకునేవాళ్లు లేని పిల్లల తరఫున కోర్టులో మాట్లాడే కాసా (కోర్టు నియమించే ప్రత్యేక ప్రతినిధి) వాలంటీర్‌గా చేరొచ్చా, ఎంత టైమ్ పడుతుంది, అసలు చేసేదేంటి అని.

చేరొచ్చు. లా డిగ్రీ అక్కర్లేదు, 21 ఏళ్లు నిండితే చాలు. జీతం లేని సేవ కాబట్టి మామూలుగా హెచ్4కి అడ్డు రాదు. మనవాళ్లకి చిక్కు ఇంకోచోట వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ కోసం సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతారు, వర్క్ పర్మిట్ లేని హెచ్4 వాళ్ల దగ్గర అదే ఉండదు. ఫారం మొత్తం నింపి ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోవడం కంటే, మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) కాసా ఆఫీసుకి ఫోన్ చేసి ఆ ఒక్క ముక్క ముందే అడగండి. డాలస్, కొలిన్, డెంటన్ కౌంటీలకి వేటి కాసా వాటికే ఉంది. ఇల్లు ప్లేనోలో ఉంటే కొలిన్, అర్వింగ్‌లో ఉంటే డాలస్.

ఈ పద్ధతి 1977లో సియాటిల్‌లో మొదలైంది. డేవిడ్ సూకప్ అనే జడ్జి, పిల్లల బతుకుల్ని తేల్చే తీర్పులు ఇవ్వడానికి తన ముందున్న కాగితాలు సరిపోవడం లేదని, మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి పిల్లల దగ్గరికి పంపాడు. ఇప్పటికీ పని అదే. కోర్టులో ప్రభుత్వం తరఫున లాయరుంటారు, తల్లికొకరు, తండ్రికొకరు ఉంటారు, పిల్లకీ లాయరుంటారు. పిల్ల ఏం కోరుకుంటోందో ఆ లాయరు చెప్తారు. పిల్లకి ఏది మంచిదో చెప్పాల్సింది కాసా. ఈ రెండూ ఎప్పుడూ ఒకటి కావు. మీ సిఫారసు పిల్ల కోరికకి వ్యతిరేకంగా ఉన్నా, ఆ కోరికని పిల్ల మాటల్లోనే రిపోర్టులో రాసి తీరాలి.

చేరేముందు ఇంటర్వ్యూ, వేలిముద్రలు, రిఫరెన్సులు, 30 గంటల శిక్షణ, ఒకరోజు కోర్టులో కూర్చుని చూడటం ఉంటాయి. తర్వాత జడ్జి ముందు ప్రమాణం. ఏటా ఇంకో 12 గంటల శిక్షణ. కేసు ఇచ్చాక నెలకి 10 నుంచి 15 గంటలు పెట్టుకోండి. మొదటి నెలలో మాత్రం ఫైలు చదవడానికే రెండు మూడు పూటలు పోతాయి. మామూలుగా ఒకసారికి ఒకటే కేసు. అందులో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు నలుగురుంటే నలుగురూ మీ బాధ్యతే.

టెక్సస్ కేసుకి ఒక గడియారం ఉంటుంది, అది మనసులో నాటుకుపోవాలి. పిల్లల సంరక్షణ శాఖ, అంటే సీపీఎస్, బిడ్డని తీసుకెళ్లాక 14 రోజుల్లో మొదటి పెద్ద విచారణ. కాసాని వేసేది సాధారణంగా అక్కడే. 60 రోజులకి స్టేటస్ హియరింగ్, తల్లిదండ్రులు చేయాల్సిన పనుల ప్లాన్ అక్కడ చూస్తారు. 180 రోజులకి పర్మనెన్సీ హియరింగ్ (బిడ్డ శాశ్వతంగా ఎక్కడ పెరగాలో చూసేది), ఆ తర్వాత ప్రతి 120 రోజులకి ఒకటి. ఏడాది దాటిన మొదటి సోమవారానికి తుది విచారణ (ట్రయల్) మొదలుకాకపోతే కేసే కొట్టుడుపోతుంది, అసాధారణ పరిస్థితుల్లో జడ్జి ఇంకో 180 రోజులు పొడిగించొచ్చు. అందుకే ఒప్పుకునేటప్పుడు ఏడాదిన్నరకి సిద్ధపడి ఒప్పుకోండి. వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లి ఆరు వారాలు ఉండిపోయే అవకాశం ఉంటే సూపర్‌వైజర్‌కి ముందే చెప్పండి. దాచిపెట్టి మధ్యలో మాయమైతే, ఇప్పటికే ముగ్గురు నలుగురు పెద్దవాళ్లు వదిలేసి వెళ్లిన పిల్లకి మీరు ఐదోవారవుతారు.

నెలకి కనీసం ఒకసారి పిల్లని ముఖాముఖి చూడాలి. వెళ్లగానే ప్రశ్నలు గుప్పించొద్దు. ఊనో కార్డులు, రంగు పెన్సిళ్లు పట్టుకెళ్లండి, ఆటలో పడ్డాక వాళ్లే మాట్లాడతారు. పిల్లతో పాటు ఫోస్టర్ తల్లి (కేసు నడిచేటప్పుడు బిడ్డని తన ఇంట్లో పెంచే ఆమె), టీచరు, స్కూల్ కౌన్సెలర్, థెరపిస్టు, అమ్మానాన్నలు, రెండు వైపుల బంధువులు, అందరితో మాట్లాడాలి. మిమ్మల్ని నియమించిన కోర్టు ఆర్డర్ కాపీ ఎప్పుడూ కారులో ఉంచుకోండి. అది చూపిస్తే తప్ప స్కూల్లో హాజరు రికార్డు కూడా ఇవ్వరు. కొత్త కేసైతే మొదట అడగాల్సింది వైద్యం సంగతి: 30 రోజుల్లో పూర్తి హెల్త్ చెకప్ జరిగిందా, మూడేళ్లు దాటిన పిల్లలైతే అవసరాల అంచనా జరిగిందా, జరిగితే అందులో రాసిన థెరపీ మొదలైందా. మొదలుకాని సందర్భాలే ఎక్కువ కనిపిస్తాయి. ఎవరి తప్పూ కాదు, ఒక కేస్ వర్కర్ (కేసు చూసే సీపీఎస్ ఉద్యోగి) వెళ్లి ఇంకొకరొచ్చే సందులో జారిపోతుంది. కేస్ వర్కర్లు మారుతూనే ఉంటారు. మొదటి రోజు నుంచి చివరిదాకా ఫైలులో మారని పేరు చాలాసార్లు కాసాదే.

ఇక అసలు పని. ఇదంతా పిల్లల్ని ప్రేమించే పని అనుకుని వస్తారు. కాదు, రాసే పని. జడ్జి మీ ముఖం చూసేది కొన్ని నిమిషాలే, చదివేది మీ రిపోర్టు. కొత్తవాళ్లు ఇలా రాస్తారు: "ఇల్లు శుభ్రంగా లేదు, తల్లికి బాధ్యత ఉన్నట్టు లేదు." ఇది చెత్త వాక్యం. తల్లి లాయరు లేచి "శుభ్రంగా లేదంటే ఏంటండీ?" అని అడిగితే మీ దగ్గర జవాబుండదు. ఇలా రాయాలి: "మార్చి 3, సాయంత్రం 5:10. సింక్‌లో గిన్నెలున్నాయి. ఫ్రిజ్‌లో పాలు, గుడ్లు, అరటిపళ్లు ఉన్నాయి. పిల్ల గదిలో మంచం ఉంది, పరుపు లేదు. పరుపు శుక్రవారం వస్తుందని తల్లి చెప్పింది, రసీదు చూపించింది." ఇప్పుడు జడ్జికి ఇల్లు కనిపిస్తుంది. చూసింది వేరు, విన్నది వేరు, మీకు అనిపించింది వేరు. మూడూ కలిపేస్తే మూడూ పోతాయి.

సిఫారసులు కూడా అంతే. "అన్నాచెల్లెళ్లు తరచూ కలవాలి" అని రాస్తే ఎవరూ చేయరు. "ప్రతి శనివారం రెండు గంటలు, మేనత్త ఇంట్లో, రెండు వారాల్లో మొదలుపెట్టాలి" అని రాస్తే జడ్జి దాన్ని యథాతథంగా ఆర్డర్‌లో పెట్టొచ్చు. రిపోర్టు డ్రాఫ్టుని హియరింగ్‌కి మూడు వారాల ముందే సూపర్‌వైజర్‌కి పంపండి, దిద్దమని తిప్పి పంపడం ఖాయం.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఫ్రిస్కో లాంటి డబ్బున్న ఊరి కళ్లతో చూస్తే పేదరికం మొత్తం నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. పిల్లలకి వేరే గది లేదు, ట్యూషన్ లేదు, రాత్రికి మాక్ అండ్ చీజే. వీటిలో ఏదీ బిడ్డని తల్లి నుంచి విడదీయడానికి కారణం కాదు. అడగాల్సింది ఈ ఇల్లు మన ఇంటిలా ఉందా అని కాదు, బిడ్డ ఇక్కడ క్షేమంగా ఉంటుందా అని. పెద్ద ఇల్లు, స్విమ్మింగ్ పూల్ ఉన్న ఫోస్టర్ కుటుంబం వైపు మనసు లాగుతుంది. లాగినప్పుడు గమనించుకోండి.

చేయకూడనివి ఏ శిక్షణలోనైనా చెప్తారు, అయినా జారేది వీటిలోనే. "త్వరలో ఇంటికెళ్తావు" అని పిల్లకి మాటివ్వకండి, అది మీ చేతిలో లేదు. ఇంటికి తీసుకురాకండి, డబ్బులివ్వకండి, ప్రోగ్రామ్ ఒప్పుకోకుండా కారెక్కించుకోకండి. తల్లికి పంపే ప్రతి టెక్స్టు రేపు కోర్టులో చదివి వినిపిస్తారనుకునే పంపండి. మీ నోట్సునీ కోర్టు రప్పించొచ్చు. పిల్ల కొత్తగా ఏదైనా దెబ్బల సంగతి చెప్తే గుచ్చి గుచ్చి అడగొద్దు. అన్న మాట అన్నట్టు రాసుకుని, అదే రోజు పిల్లలపై హింస గురించి చెప్పే హాట్‌లైన్‌కీ సూపర్‌వైజర్‌కీ చెప్పండి. వివరాలు రాబట్టడానికి శిక్షణ పొందినవాళ్లు వేరే ఉన్నారు, మీరు ముందే పది ప్రశ్నలు వేస్తే వాళ్ల పని చెడుతుంది.

తెలుగు కుటుంబం కేసు వస్తే భాష తెలుసు కదా అని దుబాసీగా కూర్చోవద్దు. లైసెన్సున్న దుబాసీని పెట్టమని కోర్టుని కోరండి. ఆ కుటుంబం మీకు ముందే పరిచయమైతే వెంటనే చెప్పి తప్పుకోండి. పాట్‌లక్ విందులో కేసు గురించి పేరు చెప్పకుండా ఊరు, ఉద్యోగం చెప్పినా చాలు, మన ఊళ్లలో ఎవరో పోల్చేస్తారు.

ఇంకొకరు హైదరాబాద్‌లో ఇలాంటిది ఉందా అని అడిగారు. అచ్చం ఇలాంటిది లేదు. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో 2020 నియమాల ప్రకారం బాలల సంక్షేమ కమిటీ పిల్లకి సపోర్ట్ పర్సన్‌ని ఇవ్వొచ్చు. ఆ మనిషి పిల్లకి తోడుంటారు, కేసు ఎక్కడిదాకా వచ్చిందో చెప్తూ ఉంటారు. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్న సిఫారసు వాళ్ల పని కాదు. ఆసక్తి ఉంటే మీ జిల్లా కమిటీని అడగండి.

కాసా ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడు ఇంకో రెండు అడగండి: శిక్షణ పగటిపూట బ్యాచ్ ఉందా, మీకిచ్చే కేసులో పిల్లలు ఎంత దూరంలో ఉండొచ్చు. కౌంటీ కోర్టు పక్కనే ఉన్నా పిల్లని మూడు గంటల దూరంలో పెట్టడం టెక్సస్‌లో మామూలే. హైవే మీద డ్రైవింగ్ అలవాటు లేకపోతే అది ముందు చూసుకోండి.