ఒంట్లోంచి మందు పోయినా కోరిక ఎందుకు పోదు?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. హెరాయిన్‌కు అలవాటుపడి, డీ-అడిక్షన్ కేంద్రంలో మూడు నెలలు ఉండి వచ్చాడు. ఒంట్లో మందు జాడ లేదని పరీక్షల్లో తేలింది. తిండి, నిద్ర కుదుటపడ్డాయి. అయినా నెల తిరగకుండానే మళ్లీ మొదలుపెట్టాడు. మందు పూర్తిగా పోయాక కూడా దానివైపే వెళ్లడం మనోబలం లేకపోవడం కాదా?

జవాబు: మీరు ఒకటిగా చూస్తున్నవి నిజానికి రెండు వేర్వేరు గడువులు. హెరాయిన్ ఒంట్లోంచి పోవడానికి కొద్ది రోజులు చాలు. ఆపిన 8 నుంచి 12 గంటల్లో మొదలయ్యే ఒళ్లునొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి రెండు మూడు రోజులకు ముదిరి, వారం పది రోజుల్లో చాలావరకు తగ్గిపోతాయి. పరీక్షలు చెప్పగలిగింది ఇంతవరకే. ఆ మందు వల్ల మెదడు నేర్చుకున్నది మాత్రం నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది.

నల్లమందు జాతి మందులు అతుక్కునే గ్రాహకాలు మన నాడీకణాల మీద ఉన్నాయని 1973లో ప్రయోగశాలల్లో రుజువైంది. నిజానికి అవి, నొప్పిని అణచడానికి శరీరం తానే తయారుచేసుకునే ఎండార్ఫిన్ల వంటి రసాయనాల కోసం ఉన్నవి. హెరాయిన్ ఒంట్లో మార్ఫిన్‌గా మారి ఈ గ్రాహకాలను పట్టుకుని, డోపమైన్ అనే మెదడు రసాయనం విడుదలను అదుపులో ఉంచే కణాలను అణచివేయడంతో డోపమైన్ ఒక్కసారిగా పెరుగుతుంది. కొకైన్ మరో దారిలో, విడుదలైన డోపమైన్‌ను కణాలు తిరిగి లోపలికి తీసుకోకుండా అడ్డుపడి, అదే ఫలితం తెస్తుంది.

డోపమైన్‌ను ‘ఆనంద రసాయనం’ అనడం పరిపాటి అయింది గానీ, దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి నేర్పడం. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులపై చేసిన ప్రయోగాల్లో, దీపం వెలిగాక పండ్లరసం వస్తుందని కోతికి అర్థమైన తరువాత, డోపమైన్ కణాలు రసానికి స్పందించడం మానేసి దీపానికే స్పందించాయి. అనుకున్నది అనుకున్నట్టే దొరికినప్పుడు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ ఉండదు కనుక మెదడు అక్కడితో ఊరుకుంటుంది. మత్తుమందు ప్రతిసారీ తన రసాయన బలంతోనే డోపమైన్‌ను పెంచుతుంది కనుక ఆ ఊరుకోవడం సరిగా జరగదు. ఊహించినదానికంటే ఎక్కువే దొరికిందని మెదడు ప్రతిసారీ లెక్కవేసుకుంటూ, ఆ మందుతో ముడిపడిన మనుషులనూ చోట్లనూ, చివరికి ఒక తరహా దిగులును కూడా గుర్తుగా దాచుకుంటుంది. కేంద్రంలో ఉన్నన్నాళ్లు ఈ గుర్తులేవీ మీ తమ్ముడి కంటపడలేదు. ఇంటికి వచ్చాక అన్నీ ఒక్కసారిగా ఎదురయ్యాయి.

ఇక మనోబలం మాట. తక్షణ కోరికను ఆపి, రేపటి సంగతి ఆలోచించే పని మెదడు ముందుభాగానిది, దీర్ఘకాలం మత్తుమందులు వాడినవారిలో మందగించేవాటిలో అదీ ఒకటి. దెబ్బతిన్న కాలితో పరుగెత్తలేదని మనిషిని నిందించడం ఎంత న్యాయమో, ఇదీ అంతే. అలాగని మనిషి చేతిలో ఏమీ లేదనడం కూడా సరికాదు. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికన్ సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించినప్పుడు, స్వదేశానికి తిరిగివచ్చిన తొలి ఏడాదిలో మళ్లీ వ్యసనంలో పడినవారు కొద్దిమందేనని తేలింది. వారు మందు వాడిన పరిసరాలను వెనక వదిలి వచ్చారు, మీ తమ్ముడు అవే పరిసరాలకు తిరిగివచ్చాడు. వారి మేలుకు ఇదొక్కటే కారణమని చెప్పలేం గానీ, వీలైతే కొంతకాలం అతని నివాసం, సావాసం మార్చడం మందలింపుల కన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

మీరు అడగకపోయినా చెప్పవలసిన ముఖ్యమైన సంగతి మరొకటుంది. రోజూ వాడేవారి శరీరం పెద్ద మోతాదుకు అలవాటుపడుతుంది, మానేసిన కొద్ది వారాల్లోనే ఆ తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అందువల్ల విరామం తరువాత పాత మోతాదే తీసుకుంటే, శ్వాసను నడిపే మెదడు కాండం అణగిపోయి ప్రాణం పోవచ్చు. పెదవులు నీలిరంగుకు తిరిగి, శ్వాస నెమ్మదించి, పిలిచినా పలకకపోతే వెంటనే అత్యవసర వైద్యం అందించాలి. నాలోక్సోన్ అనే మందు గ్రాహకాల నుంచి హెరాయిన్ ప్రభావాన్ని తొలగించి నిమిషాల్లో శ్వాసను నిలబెడుతుంది, అయితే దాని ప్రభావం తగ్గాక ప్రమాదం మళ్లీ రావచ్చు కనుక ఆసుపత్రి తప్పదు. అదే గ్రాహకాలపై పనిచేసే మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ వంటి మందులతో దీర్ఘకాలం చికిత్స చేస్తే మరణాలు తగ్గుతాయని నిర్ధారణ అయింది. అది ఒక మత్తును వదిలి మరో మత్తును పట్టుకోవడమే అన్న అపోహతో, వైద్యుడు సూచించిన మందును ఇంట్లోవాళ్లే మాన్పించడం ప్రాణం మీదకు తెస్తుంది.

ప్రశ్న: ఏళ్ల తరబడి రోజూ తాగే మా నాన్నగారు నిన్న ఉన్నట్టుండి మానేశారు. చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి. ఓర్చుకుంటే తగ్గిపోతుందా?

జవాబు: ఓర్చుకోమని కూర్చోబెట్టకండి, ఈరోజే వైద్యుడికి చూపించండి. హెరాయిన్ ఆపినప్పుడు బాధ తీవ్రంగా ఉన్నా ప్రాణాపాయం అరుదు. మద్యం సంగతి అలా కాదు. అది నాడీకణాల ఉద్రేకాన్ని అణచి ఉంచుతుంది, దాన్ని తట్టుకోవడానికి మెదడు ఏళ్లుగా ఉద్రేకాన్ని పెంచుకుంటూ వచ్చి ఉంటుంది. మద్యం హఠాత్తుగా ఆగితే ఆ ఉద్రేకమొక్కటే మిగిలి, తొలి రెండు రోజుల్లో మూర్ఛలు, సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో మతిభ్రమ, లేనివి కనిపించడం, జ్వరం రావచ్చు. చికిత్స అందకపోతే అది ప్రాణాంతకం కావచ్చు. తాగుడు ఎన్నేళ్లుగా, రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు అన్నవి వైద్యుడికి దాచకుండా చెప్పండి. థయమిన్ విటమిన్, ఉద్రేకాన్ని తగ్గించే మందులు ఎంత ఇవ్వాలన్నది వాటిని బట్టే నిర్ణయిస్తారు.