మంచు రోడ్డు మీద కారు జారితే స్టీరింగ్ ఎటు తిప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కారు నడపడం ఎప్పటినుంచో వచ్చు, కానీ మంచు పడే చోట ఇదే మొదటి చలికాలం. బండి స్కిడ్ అయితే బ్రేక్ వేయాలా వద్దా, స్టీరింగ్ ఎటు తిప్పాలి? ఈ రెండింట్లోనూ తప్పు చేసి బంపర్ పగలగొట్టుకున్నవాణ్ని కాబట్టి నేనే చెప్తాను.

మొదటి చలికాలమంతా భయంభయంగా నడిపాను, ఏమీ కాలేదు. రెండో చలికాలానికి ధైర్యం వచ్చింది, అదే కొంప ముంచింది. పొద్దున ఏడు గంటలప్పుడు. మంచు పడి నాలుగు రోజులైంది, ఆకాశం శుభ్రంగా ఉంది, రోడ్డు నల్లగా, కాస్త తడిగా కనిపిస్తోంది. డాష్‌బోర్డ్ మీద 2 డిగ్రీలు. సున్నా కంటే ఎక్కువే కదా అనుకున్నాను. గంటకు 50 కిలోమీటర్ల మీద కొద్దిగా వంపు ఉన్న బ్రిడ్జి ఎక్కాను. ముందు టైర్ల చప్పుడు ఆగిపోయింది. రేడియో కట్టేసినట్టు, ఒక్కసారిగా. వెంటనే స్టీరింగ్ చేతిలో తేలికైపోయింది, గాల్లో తిప్పుతున్నట్టు. బండి వంపు తిరగడం లేదు, నేరుగా పోతోంది. నేను ఇంకా తిప్పాను. తిరగలేదు. ఇంకా తిప్పాను. బ్రేక్ తొక్కితే కాలి కింద పెడల్ గరగరమని కొట్టుకుంది, ఏదో విరిగిందనుకుని కాలు తీసేశాను. బ్రిడ్జి దాటగానే మామూలు రోడ్డు వచ్చింది, టైర్లకు పట్టు దొరికింది. అప్పటికి చక్రాలు పూర్తిగా పక్కకు తిరిగి ఉన్నాయి కదా, అవి ఎటు చూస్తున్నాయో బండి అటే దూకి పక్కనున్న మంచు కుప్పలోకి దూరింది. పక్క సీట్లో మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక అంది.

ఆ రోజు నేను చేసిన తప్పులు విడదీసి చూస్తే మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. టైరుకు ఉండే పట్టు ఒక్కటే. బ్రేకు, మలుపు, యాక్సిలరేటర్ మూడూ దాన్నే పంచుకోవాలి. మంచు మీద ఆ పట్టు మొత్తమే పిసరంత. ముందు చక్రాలు జారుతున్నప్పుడు స్టీరింగ్ ఇంకా తిప్పితే ఆ పిసరు కూడా పోతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, తిప్పిన స్టీరింగ్‌ను కొంచెం వెనక్కి వదిలి, పట్టు దొరికేదాకా ఆగాలి. ఆ ఆగడమే కష్టం. చెయ్యి వినదు.

వెనక భాగం జారితే వేరే లెక్క. వెనక కుడికి పోతుంటే స్టీరింగ్ కూడా కుడికే. కుడి ఎడమలు ఆలోచించే టైమ్ ఉండదు కాబట్టి బండి ఎటు వెళ్లాలో అటు చూడండి, చేతులు కళ్ల వెంట వెళ్తాయి. బండి సర్దుకుంటుండగానే స్టీరింగ్ కూడా నిటారుగా తెచ్చేయాలి, లేకపోతే రెండోవైపు ఊపేస్తుంది, ఆ రెండో ఊపే ఎక్కువ ప్రమాదం.

బ్రేక్ విషయానికొస్తే, ఏబీఎస్ (బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారైతే అత్యవసరంలో గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. గరగరమంటే అది పని చేస్తున్నట్టు లెక్క. కానీ ఏబీఎస్ ఉన్నంత మాత్రాన ఐస్ మీద బండి తొందరగా ఆగదు, బ్రేక్ తొక్కుతూనే తిప్పుకునే అవకాశం ఇస్తుంది, అంతే. పొడి రోడ్డు మీద ఆగే దూరంతో పోలిస్తే ఐస్ మీద పది రెట్ల దాకా పట్టొచ్చు. అందుకే ముందు బండికీ మనకూ మధ్య ఎనిమిది, పది సెకన్ల దూరం. వెనకవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి.

ఇదంతా చదివితే రాదు. మొదటి మంచు పడ్డ రోజున ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలంలో, స్తంభాలు లేనిచోట, అక్కడివాళ్లు ఒప్పుకుంటే, 20 వేగంలో కావాలని బ్రేక్ గట్టిగా తొక్కి చూడండి. పెడల్ కొట్టుకోవడం ఒకసారి కాలికి తెలిస్తే నాలా బెదిరిపోరు. నేను ఆ పని బంపర్ పగిలిన తర్వాతి వారం చేశాను.

ఇంకో సంగతి, మన భాషలో పొగలా కమ్ముకునేదానికీ, గడ్డి మీది తేమకూ, ఆకాశం నుంచి పడేదానికీ, గడ్డకట్టినదానికీ అన్నింటికీ మంచు అనే అంటాం. రోడ్డు మీద మాత్రం వీటిని విడివిడిగా చూడాలి. తెల్లగా కనిపించే మంచు పర్వాలేదు, మనమే జాగ్రత్త పడతాం. కనిపించనిదే ముంచుతుంది. పల్చటి ఐస్ పొర కింద రోడ్డు నల్లగానే కనిపిస్తుంది, దాన్నే బ్లాక్ ఐస్ అంటారు. బ్రిడ్జికి కింద కూడా గాలి తగులుతుంది కాబట్టి మిగతా రోడ్డు కంటే ముందే గడ్డకడుతుంది. చెట్ల నీడ పడే మలుపులూ అంతే. పైగా డాష్‌బోర్డ్ చూపించేది గాలి వేడి, రోడ్డు వేడి కాదు. తేటగా ఉన్న రాత్రి తర్వాత రోడ్డు గాలి కంటే చల్లగా ఉండొచ్చు. 4 డిగ్రీలు కనిపిస్తే చాలు, ఐస్ ఉందనుకునే నడుపుతాను. వేగాన్ని బండే పట్టి ఉంచే క్రూయిజ్ కంట్రోల్ ముట్టుకోను.

టైర్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. సుమారు 7 డిగ్రీల కంటే చల్లబడితే మామూలు టైరు రబ్బరు బిరుసెక్కుతుంది, వింటర్ టైరు మెత్తగా ఉంటుంది. పక్కన మూడు శిఖరాల కొండ, లోపల మంచు పువ్వు బొమ్మ ఉన్నవి చూసి కొనండి. నాలుగూ మార్చాలి. ముందు రెండే మార్చిన బండిలో బ్రేక్ కొడితే వెనక భాగం మన ముందుకొస్తుంది. ట్రెడ్, అంటే టైరు మీది గాడుల లోతు, చాలా దేశాల్లో చట్టప్రకారం 1.6 మిల్లీమీటర్లున్నా చాలు, మంచుకు మాత్రం 4 ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందిగా అని కొందరు ధీమాగా ఉంటారు. అది కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు.

చిన్నచిన్నవి: కారు పైకప్పు మీది మంచు కూడా దులపండి, లేకపోతే బ్రేక్ కొట్టగానే ముందు అద్దం మీదికి జారుతుంది. అద్దం మీద వేడినీళ్లు పోయొద్దు, పగులుతుంది. వాషర్‌లో మామూలు నీళ్లు వద్దు, గడ్డకట్టేస్తాయి. మంచులో ఇరుక్కుని హీటర్ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచితే ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి; అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది, వాసన ఉండదు.

పడుతూనే రోడ్డు మీద గడ్డకట్టే వాన ఒకటుంటుంది, ఫ్రీజింగ్ రెయిన్. వాతావరణ సూచనలో ఆ మాట కనిపించిన రోజు నేను బండి తీయను, ఆఫీసుకు ఫోన్ చేసి రానని చెప్పేస్తాను.